కోర్టు తలుపు తెరిచే వేళ



2024 జూన్ 4న మన ఆంధ్రప్రదేశ్‌లో ఓట్ల లెక్కింపు జరిగింది. దానికి సరిగ్గా మూడు రోజుల ముందు హైకోర్టు ఒక కాగితం గురించి తీర్పు చెప్పింది. ఫారం 13ఎ అంటారు దాన్ని. ఎన్నికల డ్యూటీకి పోయే టీచరు, కానిస్టేబులు తమ ఓటును పోస్టల్ బ్యాలెట్‌లో వేసి, ‘ఇది నేనే వేశాను’ అని సంతకం చేసి, ఒక గెజిటెడ్ అధికారితో ధ్రువీకరణ చేయించి కవరులో పెడతారు. ఆ అధికారి సంతకం ఉండి, పేరూ హోదా సీలూ లేకపోతే ఆ ఓటు చెల్లుతుందా? చెల్లుతుందని ఎన్నికల సంఘం మెమో ఇచ్చింది. లెక్కింపుకు ముందు నిబంధన మార్చడమేమిటని వైఎస్సార్ కాంగ్రెస్ కోర్టుకు పోయింది. జూన్ 1న హైకోర్టు జోక్యానికి ఒప్పుకోలేదు. అభ్యంతరం ఉంటే ఫలితాలు వచ్చాక ఎలక్షన్ పిటిషన్ వేసుకోవచ్చంది. జూన్ 3న సుప్రీంకోర్టు కూడా కలగజేసుకోనంది. మరునాడు లెక్కింపు.

సరిగ్గా ఇలాంటి తగాదానే అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఏళ్ల తరబడి నడిచింది. అక్కడ మామూలు ఓటరు కూడా పోస్టులో ఓటు పంపొచ్చు. పై కవరు మీద సంతకం చేసి తేదీ వేయాలి. తేదీ మరిచిపోయిన కవరును పక్కన పారేయాలా, లెక్కలో కలపాలా? రాష్ట్ర కోర్టులో ఒక తీర్పు, ఫెడరల్ కోర్టులో ఇంకొక తీర్పు, మళ్ళీ అప్పీలు. మన దగ్గర కొద్ది రోజుల్లో ముగిసిన వాదన అక్కడ ఎన్నిక తర్వాత ఎన్నికకు సాగింది. ఈ రెండు దేశాల తేడా అంతా ఇక్కడే ఉంది. కోర్టు తలుపు ఎప్పుడు తెరవాలి? ఓటుకు ముందా, తర్వాతా? ఈ ప్రశ్న మన ముద్దనూరు, జమ్మలమడుగు, పులివెందుల, ప్రొద్దుటూరు పక్క మనుషులకు ఎంత దగ్గరిదో ఈ పూట చెప్పాలనుకుంటున్నాను. ఏ పార్టీ మంచిది, ఏది చెడ్డది అనే మాట నా దగ్గర దొరకదు. దానికి మన బస్టాండులో టీ అంగళ్లు చాలు.

మన తలుపు మూసింది 1952లో. అప్పటికి కడప జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉంది. దేశంలో మొదటి సాధారణ ఎన్నికలు జరుగుతున్నాయి. అదే మద్రాసు రాష్ట్రంలో నామక్కల్ నుంచి పొన్నుస్వామి అనే ఆయన నామినేషన్ వేశాడు. రిటర్నింగ్ అధికారి దాన్ని తిరస్కరించాడు. ఆయన మద్రాసు హైకోర్టుకు పోయాడు, అక్కడ కుదరక సుప్రీంకోర్టుకు పోయాడు. ఆయన ప్రశ్న న్యాయమైనదే. నన్ను పోటీలోనే ఉండనీయకపోతే, ఎన్నిక అయిపోయాక నాకు న్యాయం జరిగి ఏం లాభం? 1952 జనవరి 21న జస్టిస్ ఫజల్ అలీ తీర్పు చెప్పారు. రాజ్యాంగంలో 329వ అధికరణం ఉంది. నోటిఫికేషన్ వచ్చిన దగ్గర్నుంచి ఫలితం ప్రకటించేదాకా జరిగేదంతా కలిపి ఎన్నికే. మధ్యలో కోర్టులు చెయ్యి పెట్టకూడదు. అంతా ముగిశాక, చట్టం చెప్పిన చోట, చట్టం చెప్పిన గడువులో పిటిషన్ వేసుకోవాలి. పంచాయతీలకు, జిల్లా పరిషత్తులకు కూడా ఇదే గోడ తర్వాత 243-ఓ అధికరణంతో వచ్చింది.

అందులో తెలివి లేకపోలేదు. లక్షల బూతులున్న దేశంలో నామినేషన్ తిరస్కరించిన ప్రతిచోటా స్టే వస్తే ఏ ఎన్నికా గడువుకు జరగదు. ఆ ఎన్నికల్లోనే మన కడప పార్లమెంటు స్థానం నుంచి కమ్యూనిస్టు పార్టీ ఎద్దుల ఈశ్వరరెడ్డి గెలిచి ఢిల్లీకి పోయారు. కొత్త దేశం తొలి ఎన్నికే వాయిదాల్లో ఇరుక్కుని ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

అమెరికాలో అలాంటి గోడ కట్టలేదు. ఇంకా చెప్పాలంటే దేశమంతటికీ ఎన్నికలు నడిపే మనలాంటి ఎన్నికల సంఘమే లేదు. ఏ రాష్ట్రం నిబంధనలు ఆ రాష్ట్రానివి. చాలా రాష్ట్రాల్లో ఎన్నికలు నడిపే సెక్రటరీ ఆఫ్ స్టేట్ అనే అధికారి తానే ఒక పార్టీ తరఫున గెలిచి వచ్చిన మనిషి. 2000లో అధ్యక్ష ఎన్నిక ఫలితం ఫ్లోరిడా మీద ఆగింది. అక్కడ ఎన్నికలు చూసిన క్యాథరిన్ హారిస్, అదే రాష్ట్రంలో జార్జ్ బుష్ ప్రచారానికి సహాధ్యక్షురాలు. మన ఊర్లో రిటర్నింగ్ అధికారి ఒక పార్టీ జెండా పట్టుకుని తిరిగితే ఎట్లుంటుందో అట్లా అన్నమాట. చివరికి తేడా 537 ఓట్లు. మళ్ళీ లెక్కించాలని ఆల్ గోర్ పక్షం, వద్దని బుష్ పక్షం. డిసెంబరు 12న అమెరికా సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు చీలి లెక్కింపు ఆపేసింది. పోలింగు నవంబరు 7న జరిగితే అయిదు వారాల్లో చివరి కోర్టు తీర్పు వచ్చేసింది. తీర్పు మంచిదా చెడ్డదా అని అక్కడివాళ్ళు ఇప్పటికీ కొట్లాడుకుంటున్నారు. ఆ వేగం మాత్రం గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

2025లో అక్కడ ఈ వ్యాజ్యాలు వెల్లువెత్తాయి. ఓటరుగా నమోదు కావాలంటే పౌరసత్వ పత్రం చూపాలని మార్చి 25న అధ్యక్షుడు ట్రంప్ ఉత్తర్వు ఇచ్చారు. ఎన్నికల నిబంధనలు రాసే అధికారం రాష్ట్రాలది, అక్కడి పార్లమెంటైన కాంగ్రెస్‌ది, అధ్యక్షుడిది కాదని ఫెడరల్ న్యాయమూర్తులు ఆ భాగాన్ని నిలిపేశారు. టెక్సాస్ రాష్ట్రం పదేళ్లకోసారి గీయాల్సిన నియోజకవర్గాల హద్దులను మధ్యలోనే తిరగ్గీసింది. దానికి జవాబుగా కాలిఫోర్నియా నవంబరులో ప్రజాభిప్రాయం తీసుకుని తన హద్దులూ మార్చింది. పోలింగు రోజు దాటాక చేరిన పోస్టల్ ఓటు చెల్లుతుందా అనే మిసిసిపీ కేసును సుప్రీంకోర్టు విచారణకు తీసుకుంది. డాలస్‌లో, న్యూజెర్సీలో పౌరసత్వం తీసుకున్న మన పిల్లలు ఈ వార్తలు చూసి పాస్‌పోర్టులు వెతుక్కుంటున్నారు.

అయితే అక్కడ తలుపు బార్లా తెరిచి ఉందనుకోవద్దు. 2006లో అరిజోనా నుంచి వచ్చిన పర్సెల్ కేసు తర్వాత అక్కడి సుప్రీంకోర్టు ఒక పద్ధతి పెట్టుకుంది. ఎన్నిక దగ్గరపడ్డాక కింది కోర్టులు నిబంధనలు మార్చకూడదు, ఓటరు తికమకపడతాడు. దగ్గర అంటే ఎన్ని రోజులో ఎవరూ చెప్పరు. టెక్సాస్ కొత్త హద్దులను కింది కోర్టు ఆపితే, 2025 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ హద్దులకే దారి వదిలింది. ఎన్నిక దగ్గరపడిందన్నది చెప్పిన కారణాల్లో ఒకటి. అసలు ఎన్నిక మరుసటి ఏడు నవంబరులో!

ఇక మన దగ్గరికి వద్దాం. 2025 ఆగస్టు 12న పులివెందుల జెడ్పీటీసీ ఉప ఎన్నిక. పదివేల ఆరువందల మంది ఓటర్లు, పదిహేను పోలింగ్ కేంద్రాలు. ఒక జిల్లా పరిషత్ సభ్యుడి సీటు, అందులోనూ పదవీకాలం ఏడాది చిల్లరే మిగిలిన సీటు. దీనికి రాష్ట్రమంతా ఎందుకు ఊగిపోయిందో మన పక్కవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. వివాదం పోలింగుకు ముందే మొదలైంది. ఒక ఊరి ఓటర్లకు పక్క ఊర్లో బూతు పెట్టారు. దూరం పోయి, తమకు పట్టులేని ఊర్లో ఓటు వేయమంటే ఓటర్లు రాలేరని వైఎస్సార్ కాంగ్రెస్ హైకోర్టుకు పోయింది. నోటిఫికేషన్ వచ్చాక మేము కలగజేసుకోమని కోర్టు అంది. పొన్నుస్వామికి చెప్పిన జవాబే. పోలింగు రోజు బయటివాళ్ళు వచ్చి స్లిప్పులు లాక్కుని ఓట్లు వేశారని ఒక పక్షం, ముప్పై ఏళ్ల తర్వాత జనం భయం లేకుండా ఓటేశారని ఇంకొక పక్షం. మరునాడు రెండు బూతుల్లో రీపోలింగు పెట్టారు, దాన్ని వైఎస్సార్ కాంగ్రెస్ బహిష్కరించింది. 14న కడపలో లెక్కిస్తే తెలుగుదేశం అభ్యర్థి లతారెడ్డికి ఆరువేల పైచిలుకు మెజారిటీ, ప్రత్యర్థి హేమంత్‌రెడ్డికి డిపాజిట్ దక్కలేదు. లెక్కింపులో ఒక బ్యాలెట్ పెట్టెలో, ముప్పై ఏళ్ల తర్వాత ఓటు వేశానని ఎవరో రాసి వేసిన చీటీ దొరికిందని పేపర్లలో చదివే ఉంటారు.

ఆ చీటీ నిజంగా ఓటరు రాసిందా, రాయించారా అనే సంగతి వదిలేద్దాం. దానికంటే కొంచెం వెనక్కి పోదాం. అదే సీటు, అంతకు ముందు ఎన్నికలో పోటీ లేకుండా ఏకగ్రీవం. 2021లో పులివెందుల మునిసిపాలిటీ 33 వార్డులూ ఏకగ్రీవమే. అప్పుడు నామినేషన్లు వేయనీయలేదని తెలుగుదేశం అరిచింది, 2025లో ఓటు వేయనీయలేదని వైఎస్సార్ కాంగ్రెస్ అరిచింది. ఫిర్యాదు కాగితం ఒకటే, కింద సంతకం మారింది. నాకు తోచేదేమంటే, చట్టం కళ్ళకు ఈ రెండూ ఒకటి కాదు. దొంగ ఓటు పడితే పిటిషన్ వేయొచ్చు, సీసీ కెమెరా చూపించమనొచ్చు, రిజిస్టరు తెప్పించొచ్చు. నామినేషన్ వేయడానికే మనిషి ఇల్లు కదలకపోతే కోర్టు ముందు పెట్టడానికి ఏముంది? అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికల్లోనైతే ప్రజాప్రాతినిధ్య చట్టం 53వ సెక్షను ప్రకారం సీట్లెన్నో అభ్యర్థులూ అంతే ఉంటే అధికారి అక్కడికక్కడే గెలిచినట్టు ప్రకటించాలి. అలాంటి చోట ఓటరుకు నోటా నొక్కే అవకాశమూ ఉండదు. ఈ సెక్షనును సవాలు చేసిన కేసులో సుప్రీంకోర్టు 2025లో, ఒక్కడే మిగిలినా కనీసం కొంత శాతం ఓటు రావాలనే నియమం పెట్టడం గురించి ఆలోచించమని కేంద్రానికి సూచించింది. మన రాష్ట్రమేమో ఏకగ్రీవమైన పంచాయతీలకు జనాభాను బట్టి అయిదు లక్షల నుంచి ఇరవై లక్షల దాకా బహుమానం ప్రకటించిన రాష్ట్రం.

గోడ గురించి చెప్పాను కదా, అది కూడా ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉండదు. 2020 మార్చి 15న కరోనా కారణంగా రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్‌కుమార్ స్థానిక ఎన్నికలు వాయిదా వేశారు. ప్రభుత్వం ఏప్రిల్ 10న ఆర్డినెన్సు తెచ్చి ఆయన పదవీకాలాన్ని అయిదేళ్ల నుంచి మూడేళ్లకు కుదించి ఇంటికి పంపింది. మే 29న హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆయన తిరిగొచ్చి 2021 ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలు నడిపారు. తర్వాత పరిషత్ ఎన్నికలు ఏప్రిల్ 8న జరిగాయి, తెలుగుదేశం బహిష్కరించింది. ప్రవర్తనా నియమావళికి నాలుగు వారాల గడువు ఇవ్వలేదని మే 21న సింగిల్ జడ్జి ఎన్నికలే రద్దన్నారు. సెప్టెంబరు 16న డివిజన్ బెంచి ఆ తీర్పు తిప్పేసింది, 19న లెక్కించారు. ఏప్రిల్‌లో వేసిన ఓటు సెప్టెంబరు దాకా పెట్టెలో కూర్చుంది. కొన్నిచోట్ల బ్యాలెట్లకు చెదలు పట్టాయని, తడిశాయని వార్తలు వచ్చాయి. మధ్యలో కోర్టు దూరితే ఏమవుతుందో తెలుసుకోవడానికి అమెరికా దాకా పోనక్కర్లేదు.

సరే, ఫలితం వచ్చాకే రమ్మన్నారు, వచ్చాం. అసెంబ్లీ ఎన్నికైతే 45 రోజుల్లో హైకోర్టులో పిటిషన్ వేయాలి. రెండువేల రూపాయలు ధరావతు కట్టాలి. ఆరు నెలల్లో విచారణ ముగించడానికి ప్రయత్నించాలని చట్టంలోనే ఉంది. ప్రయత్నించాలి అన్నారు, ముగించాలి అనలేదు. కొత్తగూడెంలో 2018 డిసెంబరులో వనమా వెంకటేశ్వరరావు గెలిచారు. అఫిడవిట్‌లో తప్పులున్నాయని జలగం వెంకటరావు పిటిషన్ వేశారు. 2023 జులై 25న తెలంగాణ హైకోర్టు ఆ ఎన్నిక చెల్లదని, జలగమే ఎమ్మెల్యే అని తీర్పు చెప్పింది. ఆగస్టులో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. డిసెంబరులో ఆ సభ కాలమే తీరిపోయింది. వేములవాడ సంగతి ఇంకా ముదురు. చెన్నమనేని రమేశ్ జర్మనీ పౌరుడా, భారత పౌరుడా అనే గొడవ 2009 ఎన్నిక నుంచి మొదలైంది. ఆయన జర్మనీ పౌరుడేనని, ముప్పై లక్షలు కట్టాలని హైకోర్టు చెప్పింది 2024 డిసెంబరు 9న. ఈ నడుమ ఆయన ఎన్నికల మీద ఎన్నికలు గెలిచారు. అమెరికాలో ఓటరు దగ్గర పౌరసత్వ పత్రం అడగాలా వద్దా అని కొట్టుకుంటున్నారు, మనం ఒక శాసనసభ్యుడి పౌరసత్వం తేల్చడానికి పదిహేనేళ్లు తీసుకున్నాం.

పాతకాలంలో ఇలా లేదు. 1967లో తాండూరు నుంచి గెలిచిన మర్రి చెన్నారెడ్డి మీద వందేమాతరం రామచంద్రరావు పిటిషన్ వేశారు. ఏడాది తిరిగేసరికి హైకోర్టు ఆ ఎన్నిక రద్దుచేసింది. చెన్నారెడ్డి అప్పటికి ఇందిరాగాంధీ మంత్రివర్గంలో ఉన్నారు, 1968లో రాజీనామా చేయాల్సి వచ్చింది. అంత పెద్ద మనిషి విషయంలోనే ఏడాదిలో తేలింది. కాబట్టి గోడది తప్పనడం కంటే, గోడ అవతలి క్యూ ఎందుకు ఇంత పెరిగిందని అడగడం మేలు. ఫ్లోరిడాలో అయిదు వారాలు పట్టిందని చెప్పింది అందుకే. వాళ్ళ తీర్పును మెచ్చుకోనక్కర్లేదు, ఆ గడువును చూసి మాత్రం అసూయపడొచ్చు.

మన పక్క ఈ ఆలస్యం వేరేచోట కంటే బరువు. ఎలక్షన్ పిటిషన్‌లో అక్రమ పద్ధతుల ఆరోపణను క్రిమినల్ కేసులోలాగా గట్టిగా రుజువు చేయాలి. రుజువంటే సాక్షి. సాక్షి అదే ఊర్లో, అదే వీధిలో కాపురముండే మనిషి. నాలుగేళ్ల తర్వాత బోనెక్కి పలానా వాళ్ళు నా ఓటు వేశారని చెప్పమంటే ఎవరు చెబుతారు? నాలుగేళ్లలో రాజీలవుతాయి, పెళ్ళిళ్లవుతాయి, పార్టీలు మారతాయి. ఒకప్పుడు బ్యాలెట్ల కాలంలో కనీసం ఏ బూతులో ఎవరికెన్ని పడ్డాయో తెలియకుండా, అవసరమైన చోట ఓట్లన్నీ కలిపి లెక్కించే నిబంధన ఉండేది. ఓటింగు యంత్రాలు వచ్చాక బూతువారీ లెక్క అంతా బయటే. ఏ ఊరు ఎటు మొగ్గిందో ఆ సాయంత్రానికే తెలిసిపోతుంది. పద్నాలుగు యంత్రాల ఓట్లు కలిపి ఒకే మొత్తంగా చూపే టోటలైజర్ అనే పరికరం వాడతామని ఎన్నికల సంఘం 2008లోనే అడిగింది. 2015లో లా కమిషన్ కూడా మంచిదే అంది. కేంద్రం ఒప్పుకోలేదు. హైదరాబాదులో ఇది సాంకేతిక విషయం. మన గ్రామాల్లో, ఓటు తర్వాత అయిదేళ్లు ఆ ఊర్లోనే బతకాల్సిన మనిషికి ఇది ప్రాణానికి సంబంధించిన విషయం.

కువైట్‌లో ఉన్న మనవాళ్ళ మాట కూడా చెప్పాలి. కడప జిల్లా నుంచి గల్ఫ్‌కు పోయిన వాళ్ళు వేలల్లో ఉన్నారు. 2011 నుంచి ప్రవాస భారతీయుడు ఫారం 6ఎ నింపి ఓటరు కావొచ్చు. ఓటు వేయడానికి మాత్రం స్వయంగా ఊరికి రావాలి. విమానం టికెట్టుకు నెల జీతం పెట్టి ఎవరొస్తారు? మనిషి బదులు మనిషి ఓటు వేసే బిల్లు 2018లో లోక్‌సభ దాటింది, రాజ్యసభలో ఆగి మురిగిపోయింది. అదే కువైట్‌లో ఉన్న అమెరికా పౌరుడు 1986 నాటి చట్టంతో పోస్టులో ఓటు పంపిస్తాడు. జాబితాలో పేరు కనిపించకపోయినా అమెరికాలో ఓటరును ఉట్టిగా తిప్పి పంపకూడదు. ఫ్లోరిడా రభస తర్వాత 2002లో వచ్చిన చట్టం ప్రకారం తాత్కాలిక బ్యాలెట్ ఇచ్చి, అర్హత తేలాక కలుపుతారు. మనకు జాబితాలో పేరు లేకపోతే అంతే సంగతులు. 2025లో బీహారులో ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణలో 65 లక్షల పేర్లు ముసాయిదాలో లేకుండా పోతే, ఆ పేర్లు కారణాలతో సహా బయట పెట్టమని ఆగస్టు 14న సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. జాబితా దశలోనైతే మన కోర్టు తలుపు తెరిచే ఉంటుందని దీన్ని బట్టి గ్రహించాలి. నోటిఫికేషన్ వచ్చాక కాదు, ముందే జాబితా చూసుకోండి.

పోలింగు రోజు మీరు బూతుకు పోయేసరికి మీ ఓటు ఎవరో వేసేసి ఉంటే, గలాటా చేసి వెనక్కి రావొద్దు. టెండర్ ఓటు అడగండి. మీరు మీరేనని అధికారికి రుజువైతే యంత్రం కాకుండా కాగితం బ్యాలెట్ ఇస్తారు, మీ సంతకం తీసుకుంటారు. ఆ ఓటు ఆ రోజు లెక్కలోకి రాదు, విడిగా కవరులో పెడతారు. మరి ఎందుకు అంటారా? రాజస్థాన్‌లో 2008లో నాథ్‌ద్వారాలో సి.పి. జోషి ఒక్క ఓటుతో ఓడిపోయారు. సుప్రీంకోర్టు దాకా పోయిన ఆ కేసులో వాదన తిరిగింది ఇలాంటి కవర్లలోని ఓట్ల చుట్టూనే. సాక్షి నాలుగేళ్లకు మాట మార్చొచ్చు, కవరులో ఉన్నది మారదు. ఏజెంటుగా కూర్చునే కుర్రాళ్ళకు ఇంకొక సంగతి. వచ్చిన మనిషి ఓటరు కాదని అనుమానం వస్తే సవాలు చేసే హక్కు మీకు ఉంది. దానికి ప్రిసైడింగ్ అధికారి దగ్గర కట్టాల్సిన ఫీజు రెండు రూపాయలు. సవాలు నిజమని తేలితే అదీ తిరిగి ఇస్తారు. రసీదు అడిగి తీసుకోండి.